బ్లూ ఓక్ వనంలో మొక్కల లెక్క: నా అనుభవం

కాలిఫోర్నియాలో సెంట్రల్ వ్యాలీ మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట, సుమారు 150 మీటర్ల నుంచి 900 మీటర్ల ఎత్తు దాకా, బ్లూ ఓక్ అనే ఆకురాల్చే చెట్లు దూరదూరంగా నిలబడి మధ్యలో గడ్డి పరుచుకున్న వనాలు కనిపిస్తాయి. నేను రాస్తున్నది తూర్పు వైపున, సియెర్రా నెవాడా పర్వతాల పాదాల దగ్గరి వనం గురించి. అక్కడ ఒక ప్లాటు గీసి, అందులోని మొక్కలన్నిటి పేర్లూ, ఏది ఎంత నేలను కప్పిందీ రాసుకునే పని ఇది. పేరు దొరకని మొక్కను ఇంటికొచ్చాకైనా తేల్చుకోవచ్చు. తప్పు నెలలో చూసిన ప్లాటునూ, తప్పు చోట పెట్టిన చట్రాన్నీ (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద పరిచే చదరపు చట్రం) తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. అందుకే పేర్ల కంటే ముందు నెలల గురించి చెప్తాను.

ఇక్కడ వానలన్నీ అక్టోబరు, ఏప్రిల్ మధ్యే. వేసవిలో చినుకు పడటం అరుదు. నేల మీది మొక్కల్లో ఎక్కువ భాగం ఏకవార్షికాలు. మొదటి గట్టి వానకు మొలకెత్తుతాయి, చలికాలమంతా నేలకు అంటుకుని ఉంటాయి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కసారిగా లేస్తాయి, మే ముగిసేసరికి గింజ రాల్చి ఎండిపోతాయి. ఏ ఒక్క రోజు వెళ్ళినా జాబితాలో కొంతే దొరుకుతుంది. ఫిబ్రవరి చివర్లో షూటింగ్ స్టార్, మైనర్స్ లెట్యూస్, పోవా సెకుండా అనే చిన్న బహువార్షిక గడ్డి వస్తాయి. వసంతం ముగిసేలోపే షూటింగ్ స్టార్ ఆకులు కూడా ఎండిపోతాయి. మే చివర హార్వెస్ట్ బ్రోడియా, క్లార్కియా పూస్తాయి. ఇక అంతా ఎండిపోయింది, చూడటానికేముందిలే అనుకునే ఆగస్టు, సెప్టెంబరులో టార్‌వీడ్, టర్కీ మల్లీన్, వినెగర్ వీడ్ పచ్చగా పూస్తూ ఉంటాయి. లోతైన తేమను వాడుకునే ఈ మూడూ వసంతకాలపు జాబితాల్లో పూవుతో దొరకవు. చిన్న మొక్కలుగా ఉన్నా ఎవరూ గుర్తుపట్టరు.

కాబట్టి నాలుగు సార్లు వెళ్ళాలి: ఫిబ్రవరి చివర, ఏప్రిల్ మధ్య, మే చివర, ఆగస్టు చివర. ఒక్కసారే కుదురుతుందంటే ఏప్రిల్ రెండో సగం ఎంచుకోండి. ఎత్తు పెరిగే కొద్దీ కొన్ని రోజులు ఆలస్యంగా, వాన తక్కువైన ఏడాది కొన్ని రోజులు ముందుగా వెళ్ళాలి. ఒకే ఏడాది లెక్కను ఆ చోటి స్వభావం అనుకోకూడదు. అక్కడి పశువుల పెంపకందార్లు గడ్డి ఏడాది, ఫిలరీ (ఇరోడియం అనే చిన్న మొక్క) ఏడాది, క్లోవర్ (మూడాకుల మేత మొక్క) ఏడాది అని వేరుచేసి చెబుతారు. వాన ఎప్పుడు మొదలై మధ్యలో ఎన్నాళ్ళు ఆగిందన్న దాన్ని బట్టి ఏ మొక్క పైచెయ్యి అవుతుందో మారుతుంది. శరదృతువులో మొదటి వాన పడ్డ తేదీని నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోవడం ఈ పనిలో ఖర్చులేని జాగ్రత్త.

ఈ వనాల్లో చాలా భాగం ప్రైవేటు పశుమేత భూమే. గేటు దాటడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆవులు ఏ నెలలో ఏ దొడ్డిలో ఉంటాయో అప్పుడే అడగండి. మేసిన వారం తర్వాత వెళ్తే గడ్డి వెన్నులు మిగలవు, వెన్ను లేకపోతే గడ్డి పేరు చెప్పలేం. స్టేట్ పార్కుల్లో ఒక్క రెమ్మ కోయాలన్నా వేరే పర్మిట్ కావాలి.

చెట్లున్న వనానికి ప్లాటు 1000 చదరపు మీటర్లు ఉండాలి. 20 మీటర్లు × 50 మీటర్లు సరిపోతుంది. పొదల నేలకు 400, ఒట్టి గడ్డి నేలకు 100 చదరపు మీటర్లు చాలు. ప్లాటంతా ఒకే వాలు, ఒకే దిక్కు, ఒకే రకం నేల ఉండాలి. వాగు గాడి ఒక మూలను కోసుకుపోతే అక్కడి వ్యాలీ ఓక్, తేమ మొక్కలు జాబితాలో దూరి, లేని వైవిధ్యాన్ని చూపిస్తాయి. ఉత్తరపు వాలు మీద ఇంటీరియర్ లైవ్ ఓక్ చిక్కబడుతుంది, దక్షిణపు వాలు మీద బ్లూ ఓక్, సూది ఆకుల గ్రే పైన్ పలచగా నిలుస్తాయి. శిఖరం మీదుగా ప్లాటు గీస్తే ఈ రెండూ కలిసిపోతాయి. సర్పెంటైన్ (మొక్కలకు పోషకాలు తక్కువగా దొరికే పచ్చటి రాయి) మీద లెక్క మొత్తం మారిపోతుంది. టువాలమీ కౌంటీ రెడ్ హిల్స్‌లో అదే ఎత్తున గ్రే పైన్, బక్‌బ్రష్ పొదలే ఎక్కువగా కనిపించి బ్లూ ఓక్ దాదాపు మాయమవుతుంది. అలాంటి నేలను వేరే ప్లాటుగానే చూడాలి.

మూల లంబకోణం కోసం 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేస్తే చాలు. టేపును నేల వాలు వెంట లాగితే ప్లాటు చిన్నదవుతుంది. 30 శాతం వాలు మీద 50 మీటర్ల సమతల దూరానికి టేపు మీద 52.2 మీటర్లు రావాలి. దిక్సూచికి ఆ ప్రాంతపు అయస్కాంత దిక్పాతం (దిక్సూచి చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా) ఇప్పుడు తూర్పుకు 12, 13 డిగ్రీల మధ్య ఉంది. సరిచేసుకోకపోతే వచ్చే ఏడాది మూలలు దొరకవు. మూలల్లో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి పైకి వచ్చిన కొసకు మూత పెట్టండి, లేదంటే పశువుల కాళ్ళకు గుచ్చుకుంటాయి. గ్రే పైన్ కింద సంచులు పెట్టొద్దు. దాని కాయలు పెద్దవి, బరువైనవి, జిగురు కారేవి. పడితే దెబ్బ తగులుతుంది, పడకపోతే జిగురు అంటుతుంది.

చెట్లతో మొదలుపెట్టడం తేలిక. బ్లూ ఓక్ ఆకు 3 నుంచి 8 సెంటీమీటర్లు, నీలి ఛాయ, అంచుల్లో లోతులేని వంపులు, బెరడు లేత బూడిద రంగు, సన్నని పెంకులుగా ఉంటుంది. వ్యాలీ ఓక్ ఆకు అంచు మధ్య ఈనె వైపు లోతుగా కోసుకుపోతుంది, కాయ పొడవు, కాయ కింది గిన్నె మీద బుడిపెలు. ఇంటీరియర్ లైవ్ ఓక్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఆకు రెండు వైపులా మెరుస్తుంది. తిరగేస్తే బంగారు పొడి కనిపించిందంటే అది కాన్యన్ లైవ్ ఓక్. లోయల్లోని రాతి గోడల దగ్గర చూస్తాం. ఆకుల కోసం చెట్టు మొదట్లో వచ్చిన చిగుళ్ళను మాత్రం కోయకండి. మొదలు చిగుళ్ళ ఆకులకు పళ్ళు ఎక్కువ, పరిమాణం తేడా. బ్లూ ఓక్‌ను మరొకటి అనిపించేది అవే. ఎండ తగిలే కొమ్మ చివరి ఆకులు, వీలైతే కాయలతో సహా, చూడాలి.

రెండు జాతుల మధ్య ఎటూ తేలని చెట్టు తగిలితే కంగారు పడనక్కర్లేదు. బ్లూ ఓక్, వ్యాలీ ఓక్ రెండూ తెల్ల ఓక్‌ల వర్గం, వాటి సంకరాలు నిజంగానే ఉంటాయి. బ్లూ ఓక్‌కూ లైవ్ ఓక్‌కూ సంకరం మాత్రం పుట్టదు. అలా రాసి ఉన్న ఫారం చూస్తే ఆకు తప్పుగా చదివారని అర్థం. కాయలు చూసినా వర్గం తెలుస్తుంది. ఆగస్టులో బ్లూ ఓక్ కాయలన్నీ ఆ ఏటి కొమ్మ మీదే ఉంటాయి. ఇంటీరియర్ లైవ్ ఓక్ కాయకు రెండేళ్ళు పడుతుంది కనుక కొత్త కొమ్మ మీద బుడిపెలు, పాత కొమ్మ మీద నిండు కాయలు ఒకేసారి కనిపిస్తాయి. వేలాడే గుండ్రటి గాల్స్‌ను (కందిరీగలు గుడ్లు పెట్టిన చోట చెట్టు మీద వచ్చే ఉబ్బులు) దూరం నుంచి కాయలుగా లెక్కపెట్టడం కొత్తవాళ్ళు తరచూ చేసే పని. బైనాక్యులర్స్‌తో చూస్తే గిన్నె లేదని తెలిసిపోతుంది.

కాండం వ్యాసం నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, వాలు మీదైతే ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకు కింద చీలిన కాండాలను విడివిడిగా కొలిచి ఒకే చెట్టు నంబరు కింద రాయాలి. నరికిన చోట, కాలిన చోట బ్లూ ఓక్ మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది, అందుకే బహుకాండాల చెట్లు తరచుగా ఉంటాయి. సన్నగా ఉందని లేత చెట్టు అనుకోవద్దు. ఎండు నేల మీద నిదానంగా పెరిగిన సన్న బ్లూ ఓక్‌కు వందేళ్ళ పైబడి ఉండొచ్చు. బదనికను లెక్కపెట్టేది ఫిబ్రవరిలోనే, ఆకు రాలిన చెట్టు మీద పచ్చని గుత్తి దాచుకోలేదు. గ్రే పైన్ మీద కనిపించే పసుపు పచ్చటి పుల్లలు వేరే జాతి బదనిక, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

మొలకలకు ఎత్తును బట్టి వేరే పట్టిక పెట్టండి: 30 సెంటీమీటర్ల లోపు, అక్కడి నుంచి 137 దాకా, ఆ పైన. చాలా చోట్ల మొదటి గడిలో సంఖ్యలు నిండుతాయి, రెండోది ఖాళీగా ఉంటుంది. గడ్డి వేళ్ళు నేల తేమను ముందే తాగేస్తాయి. మిగిలిన మొలకను గోఫర్ (నేలలో బొరియలు తవ్వే ఎలుక లాంటి జంతువు) కింద నుంచి, జింకలు, ఆవులు, మిడతలు పైనుంచి తింటాయి. పై భాగం చచ్చి, వేరు మెడ నుంచి మళ్ళీ చిగురించిన మొలక ఏడాది మొక్కలాగే కనిపిస్తుంది. దాన్ని తవ్వకుండా మొదట్లో ఆకుల చెత్తను వేలితో జరిపి చూస్తే మెడ లావుగా, ముడులుగా ఉంటుంది. అలాంటివాటికి పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి.

ఇక అసలు చిక్కు గడ్డిలో ఉంది. ఓక్ గొడుగు (కొమ్మలూ ఆకులూ పరుచుకున్న మేర) కింద ఒక రకం నేల, గొడుగులు లేని ఆరుబయట మరొక రకం నేల. రాలిన ఆకు, చెట్టు వేళ్ళు దూరం నుంచి లాగి తెచ్చే పోషకాలు, నీడలో పడుకునే పశువుల పేడ, ఇవన్నీ కలిసి చెట్టు కింద నేలలో నత్రజని, సేంద్రియ పదార్థం పెంచుతాయి. చలిరాత్రుల్లో మంచు తక్కువ, ఎండలో ఆవిరి తక్కువ. కనుక చెట్టు కింద మైనర్స్ లెట్యూస్, స్టెల్లారియా మీడియా, గేలియం అపరినె, ఫియెస్టా ఫ్లవర్, డాగ్‌టెయిల్ గడ్డి, రిప్‌గట్, బ్లూ వైల్డ్‌రై వంటివి వస్తాయి. నాలుగు అడుగులు బయటికేస్తే అడవి ఓట్స్, సాఫ్ట్ చెస్, ఫిలరీలు, పాప్‌కార్న్ ఫ్లవర్, క్లోవర్‌లు, బ్రోడియాలు. రెండింటి సరిహద్దు చాలాచోట్ల గొడుగు అంచు నీడ గీత మీదే పడుతుంది. మేత కోణంలో చూసినా తేడా ఉంది: వాన తక్కువైన దక్షిణపు కొండల్లో చెట్టు నీడ గడ్డికి మేలు చేస్తుంది, వాన ఎక్కువైన ఉత్తరాన అదే నీడ గడ్డి దిగుబడిని తగ్గిస్తుంది.

ఇది మర్చిపోయి ప్లాటంతా ఒకే రకంగా చట్రాలు చల్లితే సగటు తప్పుతుంది. మేం చేసే పద్ధతి ఇది. ఒక చదరపు మీటరు చట్రాలు పన్నెండు. ఆరు చెట్ల కింద, ఆరు ఆరుబయట. చెట్టు కిందివి కాండానికీ గొడుగు అంచుకూ సగం దూరంలో, వేర్వేరు చెట్లకు వేర్వేరు దిక్కుల్లో పెడతాం. ఉత్తరం వైపు, దక్షిణం వైపు కూడా ఒకేలా ఉండవు. ఆరుబయటివి ఏ గొడుగు అంచుకైనా కనీసం ఆ గొడుగు వ్యాసార్ధమంత దూరంలో ఉండాలి. చోటును యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో, రెండు టేపుల మీది దూరాలుగా ముందే రాసుకుని వెళ్తాం. చట్రాన్ని వెనక్కి తిరిగి విసరడం అనే పాత అలవాటు పనికిరాదు, అది ఎప్పుడూ పూలున్న వైపే పడుతుంది.

తర్వాత రెండు సగటులనూ గొడుగు విస్తీర్ణంతో తూచి కలపాలి. గొడుగు 35 శాతం ఉన్న ప్లాటులో డాగ్‌టెయిల్ చెట్టు కింద 20 శాతం, బయట 2 శాతం ఉందనుకోండి: 0.35 × 20 + 0.65 × 2, అంటే 8.3 శాతం. నేరుగా సగటు తీస్తే 11 వస్తుంది. అడవి ఓట్స్ లాంటి ఆరుబయటి గడ్డికి తప్పు రెండో వైపు తిరుగుతుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఈ లెక్కకు గొడుగు శాతం సరిగ్గా కావాలి. గొడుగు శాతం కొలవడానికి గోళపు అద్దంతో చేసిన డెన్సియోమీటరులో 24 గడులు, గడికి నాలుగు చుక్కలు, మొత్తం 96. కప్పిన చుక్కలను 1.04తో హెచ్చించి నాలుగు దిక్కుల సగటు తీస్తారు. దట్టమైన అడవికి అది బాగుంటుంది. ఇంత పల్చటి వనంలో ఆ అద్దం పక్కనున్న చెట్లను కూడా లోపలికి లాగి ఎక్కువ చూపిస్తుంది కనుక దాన్ని నేను నమ్మను. 50 మీటర్ల టేపు వెంట నడుస్తూ గొడుగు మొదలైన, ముగిసిన దూరాలు రాసుకుని కలిపితే నిక్కచ్చిగా వస్తుంది. ఇది ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, మేలో చెయ్యాలి. కరువు ఏడాది ఆగస్టులోనే బ్లూ ఓక్ ఆకు రాల్చేస్తుంది. ఆ చెట్టు చచ్చిందని రాయకండి. కొమ్మ గోకితే పచ్చ కనిపిస్తుంది, తరువాతి వసంతంలో చిగురిస్తుంది. అయితే 2012 నుంచి 2016 దాకా సాగిన కరువులో, ముఖ్యంగా దక్షిణపు కొండల్లో, నిజంగానే చాలా చెట్లు పోయాయి. కాబట్టి తీర్పు మరుసటి ఏప్రిల్‌కు వాయిదా వెయ్యండి.

గడ్డిని గుర్తించడం మే చివరి సందర్శనలోనే తేలుతుంది. 1769లో స్పానిష్ మిషన్లు మొదలయ్యాక మధ్యధరా ప్రాంతపు ఏకవార్షిక గడ్లు పశువులతో, ధాన్యంతో వచ్చి ఇక్కడి నేలను ఆక్రమించాయి, ఇప్పుడు చట్రంలో ఎక్కువ భాగం అవే. అడవి ఓట్స్ రెండు రకాలు: గింజ మీది పొట్టు కొస రెండు సన్నని వెంట్రుక ముళ్ళుగా సాగితే అవీనా బార్బటా, ఊరికే రెండు పళ్ళుగా చీలి ఆగితే అవీనా ఫటువా. రిప్‌గట్ వెన్ను మీసాలు 3 సెంటీమీటర్లు దాటతాయి, సాఫ్ట్ చెస్‌వి ఒక సెంటీమీటరు లోపే. సన్న ఫెస్క్యూ గడ్డుల్లో కింది తుషం (గింజల కట్ట అడుగున ఉండే పొట్టు) పైదానిలో సగం కంటే చిన్నదైతే ఫెస్టూకా మయూరోస్, అది వలస గడ్డి. అంతకంటే పెద్దదైతే స్వదేశీ ఫెస్టూకా మైక్రోస్టాకిస్ అయ్యే అవకాశం ఎక్కువ. దీనికి 10 రెట్ల భూతద్దం చాలు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. మెడూసాహెడ్ అనే వలస గడ్డిని దూరం నుంచే పట్టొచ్చు. చుట్టూ గడ్డి బంగారు రంగుకు తిరిగాక కూడా అది పచ్చగానే ఉంటుంది. దాని కాడలో సిలికా ఎక్కువ కనుక ఎండాక త్వరగా కుళ్ళదు, మందమైన పొరగా పేరుకుని ఇతర మొలకలను అణిచేస్తుంది. ఆ పొర మందాన్ని సెంటీమీటర్లలో రాసుకోవాలి. మరుసటి ఏడు పూలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఆ అంకెలోనే ఉంటుంది.

స్వదేశీ బహువార్షిక గడ్డిలో పర్పుల్ నీడిల్‌గ్రాస్‌ను, 2004 నుంచి రాష్ట్ర గడ్డి అది, రెండు చోట్ల వంగిన పొడవాటి మీసం పట్టిస్తుంది. మీసం రాలిపోయిన కుదురైతే మెల్లగా లాగి చూడండి. ఏకవార్షికం వేళ్ళతో ఊడొస్తుంది. బహువార్షికం కదలదు, మొదట్లో నిరుటి ఎండు కాడల మోళ్ళు ఉంటాయి. ఫిలరీల్లో ఈకలా నిలువునా చీలిన ఆకుంటే ఇరోడియం సిక్యుటేరియం, వంపుల అంచుతో చీలని ఆకుంటే ఇరోడియం బోట్రిస్. పాప్‌కార్న్ ఫ్లవర్ మీద అనుమానం ఉంటే వేరు నలపండి, ఊదా మరక అంటుతుంది.

శాతాలు కంటితో వేసేటప్పుడు ఒక చదరపు మీటరులో ఒక శాతమంటే 10 × 10 సెంటీమీటర్ల ముక్క అని అట్ట కోసి దగ్గర పెట్టుకోండి. ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి కనుక జాతుల మొత్తం 100 దాటడం తప్పు కాదు. దాన్ని 100కు సర్దడమే తప్పు. పూసిన మొక్కకు ఎక్కువ, పూయని గడ్డికి తక్కువ వెయ్యడం అందరికీ ఉన్న జబ్బు. ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకుంటే అది బయటపడుతుంది.

పొదల దగ్గర రెండు మాటలు. బక్‌బ్రష్ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, మాంజనీటా ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా. బక్ ఐ అనే చిన్న చెట్టు ఫిబ్రవరిలో అందరికంటే ముందు ఆకేసి జులైకి రాల్చేస్తుంది, ఆగస్టులో బోడి కొమ్మలకు కాయలు వేలాడుతుంటే చచ్చిన చెట్టుగా రాసేస్తారు. పాయిజన్ ఓక్‌కు (ఇది ఓక్ కాదు, తాకితే దద్దుర్లు తెప్పించే పొద) మూడు చిట్టాకులు, మధ్యదానికి స్పష్టమైన కాడ. స్కంక్‌బుష్‌కూ మూడే, కానీ మధ్య ఆకు కాడ లేకుండా మొదట్లో సన్నబడుతుంది. ఫిబ్రవరిలో పాయిజన్ ఓక్ ఒట్టి పుల్లలే, అయినా అందులో దద్దుర్లు తెప్పించే ఉరుషియాల్ నూనె అలాగే ఉంటుంది. చర్మాన్ని కొన్ని నిమిషాల్లోనే సబ్బుతో కడిగితే చాలా వరకు తప్పించుకోవచ్చు. అందరూ మరిచిపోయేది టేపు: పొదలోంచి లాగిన టేపుకు నూనె అంటి, వారం తర్వాత చుట్టేవాడి చేతులు పొంగుతాయి. ప్రతి ప్లాటు తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడవాలి. వసంతంలో ఆకు చెత్త మీద మోకరిల్లి పనిచేస్తాం కాబట్టి పిడుదుల కోసం సాయంత్రం ఒళ్ళంతా చూసుకోవాలి.

తేలని మొక్కను ఎండబెట్టి తేవాలంటే, చుట్టుపక్కల కనీసం ఇరవై ఉంటేనే ఒకటి తియ్యండి. బ్రోడియా, కలోకోర్టస్ దుంపలను నేలలోనే వదిలి, పూకాడ, ఒక ఆకు తీసుకుంటే సరిపోతుంది. రంగు, పూవు మధ్యలోని గొడ్డు కేసరాల ఆకారం అక్కడికక్కడే రాసి ఫొటో తీయాలి, కాగితంలో అవి ముడుచుకుపోయి ఏమీ చెప్పవు. గడ్డైతే వేరుతో సహా కావాలి. పత్రికా కాగితాన్ని మొదటి మూడు రోజులు రోజూ మార్చకపోతే క్లోవర్‌లు నల్లబడతాయి. చీటీ మీద కౌంటీ, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, వాలు దిక్కు, చెట్టు కిందా ఆరుబయటా అన్నది, పక్కనున్న మొక్కలు, తేదీ ఉండాలి.

పేర్లు ఎక్కించేటప్పుడు ఏ సంవత్సరపు నామావళిని అనుసరించారో ఫైలు పైనే రాయండి. పర్పుల్ నీడిల్‌గ్రాస్ పాత జాబితాల్లో నసెల్లా, కొత్తవాటిలో స్టైపా. మెడూసాహెడ్ టీనియాథెరమ్ నుంచి ఎలిమస్‌కు మారింది. వల్పియాలుగా ఉన్న సన్న ఫెస్క్యూలు ఫెస్టూకాలయ్యాయి, బ్లూ డిక్స్ అనే పూల మొక్క డికలోస్టెమ్మా నుంచి డిప్టెరోస్టెమన్‌కు పోయింది. సర్దకుండా రెండు దశాబ్దాల జాబితాలను పక్కపక్కన పెడితే నాలుగు జాతులు అంతరించి, నాలుగు కొత్తవి వచ్చినట్టు కంప్యూటరు చెబుతుంది. పూవు దొరకని లుపైన్‌ను ప్రజాతి పేరుతోనే వదిలి, ఏ చట్రంలో చూశారో రాసుకుంటే వచ్చే ఏప్రిల్‌లో నేరుగా దాని దగ్గరకే వెళ్ళొచ్చు.